ఐలయ్యా, ఎల్లయ్యా? వరంగల్‌లో ఇంటి చరిత్ర వెతికే దారులు

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఇండ్లలో తాతముత్తాతల పేర్లు వెతికే పని ఎక్కువగా భూమితోనే మొదలవుతుంది. అన్నదమ్ముల వాటాలు తేలనప్పుడో, పాసుబుక్కులో రెండు గుంటలు తక్కువ పడినప్పుడో, వకీలు "పాత పహాణీ నకలు తెండి" అని ఊరి భూమి, సాగు రికార్డు అడిగినప్పుడో అటక మీది ఇనుప సందుగ కిందికి దిగుతుంది. అందులో మడతల దగ్గర చిరిగిన కాయితాలు, నిజాం ముద్ర ఉన్న స్టాంపు పత్రాలు, శిస్తు కట్టిన రసీదులు ఉంటాయి. చాలావరకు ఉర్దూలో ఉంటాయి. మనవడికి ఆ లిపి రాదు, కొడుక్కు రాదు. చదవగలిగిన తాత పోయి ఏండ్లయింది. పని పడిన ఒక్క కాయితాన్ని ఎవరితోనో చదివించుకుని, మిగతావి మళ్లీ సందుగలో పెట్టేస్తారు.

ఆ మిగతా కాయితాలలోనే ఇంటి చరిత్ర సగం ఉంది. మిగిలిన సగం ఏ కాయితంలోనూ లేదు. రికార్డు రాసినవాళ్లకు కావాల్సింది శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలన్న సంగతి మాత్రమే. ఇంట్లో ఎంతమంది ఉండేవారు, కరువులో ఏం తిని బతికారు, ఆడపిల్లలను ఏ ఊరికి ఇచ్చారు అన్నవి వాళ్లకు అక్కరలేదు. రికార్డు ఒక్కటే పట్టుకుంటే భూమి చరిత్ర తేలుతుంది, మనుషులు తేలరు. ఇంట్లో చెప్పుకునే మాటలే పట్టుకుంటే మనుషులు తేలుతారు గానీ ఏండ్లు కలగలిసిపోతాయి. వరంగల్‌లో ఈ పని కష్టమయ్యేది ఆ రెండింటి మధ్య లిపి, క్యాలెండరు, జిల్లా హద్దులు అడ్డం పడటం వల్లనే.

పరాయి పాలన కింద ఉన్న ఊరు అనగానే ఇంగ్లీషు రికార్డులు గుర్తొస్తాయి. బెజవాడ, గుంటూరు వైపు కుటుంబాలకు అది నిజమే. మద్రాసు ప్రెసిడెన్సీ కాయితాలు అక్కడ దారి చూపిస్తాయి. వరంగల్ నిజాం రాజ్యంలో ఉండేది. బ్రిటిష్ రెసిడెంటు హైదరాబాదులో ఉండేవాడు, సైన్యం మీద, పైస్థాయి వ్యవహారాల మీద వాళ్ల పట్టు ఉండేది గానీ ఊళ్లో శిస్తు రాసిన చేయి నిజాం సర్కారుదే. 1880ల దాకా దఫ్తరు భాష పారశీకం, ఆ తర్వాత ఉర్దూ. ఇంటి భాష మాత్రం మొదటినుంచీ తెలుగే. అందుకే లండన్‌లో భద్రంగా ఉన్న రెసిడెన్సీ ఫైళ్లలో దివాన్ల సంగతులు, రైలు ఒప్పందాలు కనిపిస్తాయి గానీ మట్టెవాడలో కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి కోసం అక్కడ వెతకడం దండుగ.

ఇంగ్లీషులో దొరికేవి కొన్ని ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో హనుమకొండకు వచ్చింది. ఆ సంఘాల కుటుంబాలకు బాప్తిస్మం, పెండ్లి రిజిస్టర్లు పెద్ద ఆసరా. ఎందుకంటే అవి భూమి లేనివాళ్ల పేర్లను కూడా రాశాయి, ఆడవాళ్ల పేర్లను కూడా రాశాయి. రెండోది రైల్వే. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి, మద్రాసు–ఢిల్లీ దారి ఇటు మీదుగా తెరుచుకున్నాక కాజీపేట జంక్షను రైల్వే ఉద్యోగుల ఊరైంది. తాత ఫైర్‌మన్‌గానో, గ్యాంగ్‌మన్‌గానో పనిచేసి ఉంటే ఆయన సర్వీసు పుస్తకం, పాసు కాయితాలు, పింఛను పత్రాలు ఇంట్లో ఎక్కడో ఉంటాయి. పింఛను పత్రంలో భార్య పేరు, పిల్లల పేర్లు ఉండటం మామూలే. భూమి రికార్డులో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

ఇక జిల్లా హద్దులు. ఇవి తెలియక కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు ఎందరో. ఇప్పటి కరీంనగర్ జిల్లా పేరు 1905 దాకా ఎలగందుల. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది. కాబట్టి మధిర వైపు కుటుంబానికి పాత కాయితం వరంగల్ పేరు మీద కనిపిస్తే ఆశ్చర్యం లేదు. జనగామ సంగతి ఇంకో తీరు. సాయుధ పోరాటం నాటికి అది నల్గొండ జిల్లా తాలూకా. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి కూడా అప్పుడు నల్గొండ లెక్కల్లోనే ఉంది. 2016లో వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో మళ్లీ పేర్లు మారి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: వెతుకుతున్న సంవత్సరంలో ఆ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా? ఇప్పటి మండలం పేరుతో అడిగితే రికార్డు గదిలో బస్తా కదలదు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోయేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మొగలుల దక్కను పాలన నుంచి ఆసఫ్‌జాహీల దాకా కాయితాలు అక్కడ ఉన్నాయి. మనిషి పేరు చెప్పి అడిగితే మాత్రం దొరకవు. ఏ శాఖ, ఏ జిల్లా, ఏ ఫస్లీ (శిస్తు లెక్కల సంవత్సరం) అన్నది చెప్పాలి.

ఫస్లీ లెక్కలో చాలామంది ఒక ఏడాది తప్పుతారు. ఇప్పుడు రెవెన్యూ ఫస్లీ జులై 1న మొదలవుతుంది. నిజాం కాలపు ఫస్లీ అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆ తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ పన్నెండు నెలలు. పాత కాయితం మీద ఆజూర్, దై, బహమన్ నెలలుంటే ఫస్లీకి 590 కలపాలి, మిగతా నెలలైతే 591. బహమన్ చివరి రెండు మూడు రోజులు జనవరిలోకి వస్తాయి, అంత సూక్ష్మం కావాల్సినప్పుడు అదీ చూసుకోవాలి. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. హైదరాబాదు రాజ్యం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17 ఆ ఫస్లీ చివర్లో పడుతుంది. రసీదు మీద 1357 అని ఒక్క అంకే ఉండి, దాన్ని 1947గా రాసుకుంటే కథ మొత్తం పోలీసు చర్యకు ముందుకు జరిగిపోతుంది. ఆ ఒక్క ఏడాదిలో ఊళ్లల్లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఆ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు.

డబ్బు లెక్కా అంతే. నిజాం రూపాయిని హాలీ సిక్క అనేవారు, బ్రిటిష్ రూపాయిని కల్దారు అనేవారు. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు. పత్రంలో ఏ సిక్కనో రాసి ఉంటుంది, అది చదవకుండా తాత ఎకరం ఎంతకు కొన్నాడో చెప్పలేం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అది పేర్లు.

ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. ఒత్తు గుర్తు కూడా చేతిరాతలో చాలాసార్లు పోతుంది. ఊరి లెక్కలు రాసే పట్వారీ చెవికి విన్నది విన్నట్టు నాలుగైదు అక్షరాల్లో గీసేవాడు. మీమ్, లామ్, యే, అలిఫ్ అని ఉంటే మల్లయ్య అని మనం పోల్చుకుంటాం, ఎందుకంటే ఆ పేరు మనకు తెలుసు. తెలియనివాడు దాన్ని మలియా అనీ చదవగలడు. ణకు న, ళకు ల వాడక తప్పదు. అలిఫ్, యే, లామ్, యే, అలిఫ్ అన్న ఐదు అక్షరాలు పక్కపక్కన ఉంటే అది ఐలయ్య కావచ్చు, ఎల్లయ్య కావచ్చు. రాతలో రెండూ ఒకటే. తర్వాత ఏదో ఒక రోజు తర్జుమా చేసినాయన తెలుగులో ఎల్లయ్య అని రాస్తాడు. అక్కడి నుంచి ప్రతి పహాణీలో అదే నడుస్తుంది. ఇంట్లోవాళ్లు మా తాత పేరు ఐలయ్య అంటారు, ఆఫీసులో అలాంటి పేరే లేదంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

ఒక్క అక్షరమే కదా అని వదిలేయడానికి లేదు. ఉత్తర తెలంగాణలో పేరు చెబితే ఆ ఇల్లు ఏ దేవుడి జాతరకు పోయేదో తెలుస్తుంది. ఐలయ్య, ఐలమ్మ అంటే ఐలోని మల్లన్న, అంటే వరంగల్ పక్కనున్న ఐనవోలు. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. సమ్మయ్య, సారయ్య, సమ్మక్క అంటే మేడారం. రాజయ్య, రాజవ్వ అంటే వేములవాడ రాజన్న. ఎల్లయ్య అంటే ఎల్లమ్మ. పిల్లలు నిలవకపోతే మొక్కుకుని, పుట్టిన బిడ్డకు ఆ దేవుడి పేరే పెట్టేవారు. కాబట్టి ఐలయ్య ఎల్లయ్యగా మారితే ఆ ఇంటి ఇలవేల్పు మారిపోయినట్టే. ముందుతరం ఏ బండి దారిలో, ఏ నెలలో జాతరకు పోయేదన్న ఆనవాలు పోతుంది. మూడు తరాల పేర్లు వరసగా రాసి చూస్తే ఎక్కడ ఒక దేవుడి పేరు ఆగి ఇంకో దేవుడి పేరు మొదలైందో కనపడుతుంది. చాలాసార్లు అక్కడే ఒక వలసో, ఇల్లరికమో, ఒక గత్తరలో (కలరాలో) ఇల్లు ఖాళీ అయిపోవడమో ఉంటుంది.

పాత రికార్డుల్లో ఇంటిపేరు చాలాచోట్ల కనిపించదు. మల్లయ్య వల్ద్ లింగయ్య అని మాత్రమే ఉంటుంది. వల్ద్ అంటే ఫలానావాడి కొడుకు. ఒకే ఊళ్లో లింగయ్య కొడుకు మల్లయ్యలు నలుగురుంటే ఎవరు ఎవరో పక్క సర్వే నంబర్లు చూసి తేల్చుకోవాలి. ఆడవాళ్లయితే సొంత పేరు తర్వాత జౌజె ఫలానా, అంటే ఫలానావాడి భార్య అని ఉంటుంది. లేదా బేవా, అంటే వితంతువు. భర్త పోయి, కొడుకులు చిన్నవాళ్లయితే తప్ప ఆడమనిషి పేరు రికార్డుకెక్కడం అరుదు. అంటే ముత్తవ్వ పేరు పహాణీలో కనపడిందంటే, ఆ ఇంటికి ఆ ఏడు ఏదో కష్టం వచ్చిందని మొదటి అనుమానం పడాలి.

అందరూ మొదట అడిగేది 1954–55 ఖాస్రా పహాణీ. అందులో పట్టాదారు ఒకరు, కబ్జాదారు ఇంకొకరు అయిన గళ్లను జాగ్రత్తగా చదవాలి. పట్టా దేశ్‌ముఖు పేరనో, పట్నంలో ఉండే జాగీరుదారు పేరనో ఉండి, దున్నేది మరొక మనిషై ఉంటే, చాలా కుటుంబాలు తమ తాతను మొదటిసారి చూసుకునేది ఆ కబ్జా గడిలోనే. 1950 కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల జాబితాలు కూడా అలాంటివే. భూమి లేని కూలి, పాలేరు, వెట్టి చేసిన మనిషి ఈ రెండింట్లోనూ దొరకడు. ఆ ఇండ్ల చరిత్రను పహాణీతో మొదలుపెట్టడమే తప్పు. వాళ్లకు ఏమీ లేదన్న ముగింపుకు తీసుకుపోతుందది.

పహాణీ కంటే ముచ్చటైన కాయితం సాదాబైనామా. రిజిస్ట్రేషను లేకుండా తెల్ల కాయితం మీద రాసుకున్న అమ్మకపు పత్రాన్ని భూమి హక్కు తేల్చడానికే చూస్తారు. ఇంటి చరిత్ర కోసం చూసేవాళ్లు మాత్రం దాన్ని కిందినుంచి పైకి చదవాలి. అడుగున సాక్షుల వేలిముద్రలు, వాటి పక్కన పేర్లు, ఆ తర్వాత రాసినవాడి పేరు. సాక్షులుగా పిలిచింది ఎవరిని? బావమరిదినా, పాలివాళ్లనా, కులపెద్దనా? తర్వాత హద్దులు: తూర్పున ఫలానా వాళ్ల చెలక, పడమర వాగు, ఉత్తరాన బండ్ల బాట, దక్షిణాన ఇంకొకరి మడి. అరవై డెబ్బై ఏండ్ల కిందట ఆ మనిషి చుట్టూ ఎవరుండేవారో ఆ నాలుగు గీతల్లో ఉంది. చివరికి పైన ఉన్న కారణం. పెండ్లి ఖర్చు నిమిత్తం, అప్పు తీర్చు నిమిత్తం, కోర్టు ఖర్చుల నిమిత్తం అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఆ ఇంట్లో ఏ బిడ్డ పెండ్లికి ఆ రెండెకరాలు పోయాయో ఇప్పటికీ ఒక ముసలవ్వకు గుర్తుండే ఉంటుంది.

ఆడవాళ్ల పేర్ల కోసం మాత్రం కాయితాలు వదిలి గిన్నెల దగ్గరికి రావాలి. పాత ఇత్తడి బిందె, కంచు గిన్నె, రాగి గంగాళం తీసి అంచు కింద చింతపండుతో తోమి వెలుతురులో చూస్తే చుక్కచుక్కగా చెక్కిన అక్షరాలుంటాయి. పెండ్లినాడు పెట్టిన సామాను మీద ఎవరు ఎవరికి ఇచ్చారో చెక్కించడం ఆనవాయితీ. మేనమామ పేరు, పిల్ల పేరు, ఊరి పేరు, ఒక్కోసారి సంవత్సరం. పిల్ల పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు ఉంటే అంతకంటే కావాల్సింది లేదు. పెండ్లయ్యాక ఆమె ఇంటిపేరు మారిపోయింది, అత్తగారింట్లో కొన్నిచోట్ల అసలు పేరే మార్చేశారు. పుట్టినప్పటి పేరు మిగిలింది ఆ బిందె మీదనే. ఇలాంటి బిందెలు ప్రతి ఏడూ తూకానికి పోతున్నాయి. పాత ఇత్తడి ఇచ్చి స్టీలు తెచ్చుకునేటప్పుడు ఎవరూ ఫోటో తీసుకోరు. ఒక ఇంటి ముత్తవ్వ పేరు కిలోల లెక్కన కరిగిపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పట్నంలో స్థిరపడ్డ కుటుంబాలకు దారి వేరు. ఆజంజాహీ మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి షిఫ్టుల్లో పనిచేసిన వేలమందికి మిల్లు కాయితాలే మొదటి రాతపూర్వకమైన ఆధారం. హాజరు కార్డు, పీఎఫ్ చీటీ, క్వార్టరు నంబరు, యూనియన్ రసీదు. సైరను మోతతో ఇంటి పొద్దు ఎలా నడిచేదో మాత్రం ఏ చీటీలోనూ ఉండదు. రాత్రి షిఫ్టు నాయిన పగలు పడుకుంటే పిల్లలు ఎక్కడ ఆడుకునేవారు, జీతం రోజు ఏం వండేవారు అన్నవి ఆ క్వార్టర్లలో పెరిగినవాళ్లే చెప్పాలి. వాళ్లకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏండ్లు. కొత్తవాడ నేతపని ఇండ్లలో దర్రీల డిజైన్ల కాయితాలు, నూలు ఖాతా పుస్తకాలు ఉంటాయి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చాక డిజైన్ల గురించి మాట్లాడేవాళ్లు పెరిగారు. ఖాతా పుస్తకాల్లో ఎవరి దగ్గర ఎంత అప్పు ఉందో, ఏ పండగకు బయానా తీసుకున్నారో రాసిన లెక్కల గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు. రోజువారీ బతుకు మొత్తం ఆ లెక్కల్లోనే ఉంది.

సర్కారు కొలువు చేసిన ఇండ్లలో ముల్కీ సర్టిఫికెట్టు వెతకాలి. స్థానికుడని నిరూపించుకోవడానికి రాజ్యంలో పుట్టుక గానీ, పదిహేనేండ్ల నివాసం గానీ చూపాల్సి వచ్చేది. అందుకని ఆ కాయితంలో తండ్రి పేరు, ఊరు, ఎప్పటినుంచి ఉంటున్నారన్న వివరం దొరుకుతుంది. బడి రిజిస్టరు పుట్టిన తేదీని నమ్మడం మాత్రం ప్రమాదం. పిల్లవాడి చేయి తల మీదుగా అవతలి చెవికి అందిందా లేదా అని చూసి పంతులు ఒక తేదీ వేసేవాడు. జూన్, జులై నెలల్లో పుట్టిన పెద్దవాళ్లు ఊరి నిండా ఉండటానికి కారణం అదే.

జనాభా లెక్కల మీద పెట్టుకునే ఆశ కూడా నిలవదు. హైదరాబాదు రాజ్యంలో మొదటి లెక్క 1881లో జరిగింది. అచ్చయిన సంపుటాల్లో ఏ కులం ఎంతమంది, ఏ వృత్తి ఎంతమంది అన్న పట్టికలు ఉంటాయి, మనుషుల పేర్లు ఉండవు. వేరే దేశాల్లో పాత జనాభా లెక్కల్లో ఇల్లిల్లూ పేరుతో దొరుకుతుందని విని ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటే కాలం వృథా.

అయితే ఆ పట్టికల్లో లేనిది ఒకటి ఇక్కడ ఉంది. వంశం పాడటమే వృత్తిగా పెట్టుకున్న మనుషులున్నారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, గొల్లలకు మందహెచ్చులవారు. పటం పరిచి పురాణం చెప్పి, చివర్లో ఇంటిపేర్లు, గోత్రాలు, ముందటి దాతల పేర్లు ఎత్తుతారు. ఏ ఊళ్లు ఏ కుటుంబానికి మిరాశీ (వంశపారంపర్య హక్కు) అన్న పంపకం వాళ్లలో వాళ్లకు ఉంది. నకాషీ పటాలు గీసే చేర్యాల కూడా మొన్నటిదాకా వరంగల్ జిల్లాలోనిదే. భూమి లేక రికార్డుకెక్కని కులాలకు ఈ ఆశ్రిత కులాల నోటిమాట ఎంతో విలువైనది. దాన్ని అక్షరాలా తేదీలతో సరిపోల్చబోతే కుదరదు. పురాణం ఎక్కడ ఆగింది, ఊరి మనుషులు ఎక్కడ మొదలయ్యారు అన్న కీలు దగ్గర చెవి పెట్టాలి. వాళ్లకు కట్నం ఇవ్వకుండా ఫోనులో రికార్డు చేసుకుని పోవడం మర్యాద కాదు. ఆ కట్నం వాళ్ల హక్కు.

ఇంట్లో పెద్దవాళ్లను అడిగేటప్పుడు ఏ సంవత్సరం అని అడిగితే జవాబు రాదు. "రజాకార్లప్పుడు నువ్వు ఎంత ఉంటివే అవ్వా?" అంటే "చంకల బిడ్డ ఉండె" అంటుంది. గత్తర ముందా తర్వాతా, అప్పుడు హాలీ సిక్క నడిచేదా, కొత్త పైసలు వచ్చినయా అని ఒక్కో గుర్తు పక్కన కట్టుకుంటూ పోవాలి. మేడారం జాతర రెండేండ్లకోసారి వస్తుంది కాబట్టి "పెండ్లయినంక మూడో జాతరకు పెద్దోడు పుట్టిండు" అన్న మాటలో నాలుగు నుంచి ఆరేండ్ల లెక్క చాలా గట్టిగా ఉంటుంది. కొన్ని ప్రశ్నలకు మౌనమే వస్తుంది. వెట్టి, దొర గడి, 1948 సెప్టెంబరు తర్వాతి రోజులు, ఇంట్లోంచి దళంలోకి పోయి తిరిగిరాని మనిషి. పక్కింటి ముస్లిం కుటుంబం ఎటు పోయిందన్నది కూడా అలాంటిదే. రికార్డు కోసం ఒకటికి రెండుసార్లు తరచి అడిగే హక్కు మనవడికైనా లేదు. ఆగి, ఇంకో పూట కూర్చోవాలి.

ఉర్దూ చదివేవాళ్లు ఇంకా ఉన్నారు. కోర్టుల దగ్గర తర్జుమా చేసేవాళ్లు, రిటైరైన గిర్దావర్లు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు), పాత బడిలో ఉర్దూ మీడియం చదివిన ఎనభై దాటిన పెద్దలు. అలవాటుగా జరిగేదేమిటంటే, కాయితాన్ని వాళ్ల దగ్గరికి పంపి, తెలుగులో రాసిచ్చింది తెచ్చుకుని ఫైలులో పెట్టుకోవడం. అలా కాకుండా చదివే మనిషినే ఇంటికి పిలిచి, అవ్వ పక్కన కూర్చోబెట్టాలి. ఆయన వేలు పెట్టి అలిఫ్, యే, లామ్ అని కూడబలుక్కుంటూ "ఎల్లయ్య వల్ద్ కొమురయ్య" అంటాడు. "ఎల్లయ్య కాదు బిడ్డా, ఐలయ్య" అంటుంది అవ్వ. "ఎల్లయ్య మా పాలోడు, ఆయినె చెలక వాగవతల. ఐలయ్య మా మామ. ఐలోని మొక్కుకు పుట్టిండు." ఆయన మళ్లీ కాయితం చూసి, కింద హద్దుల్లో పడమర వాగు అని ఉందని చదువుతాడు.